చేతులు మారిన నవల

రిటైరైన మరుసటి ఏడాది నేను ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేరాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు అవి. ముప్పై మూడేళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన దాన్ని, ఇంట్లో ఊరికే కూర్చోలేకపోయాను. గుంటూరు నుంచి నల్లపాడు వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఉండేది. వాళ్ళు కబురు చేస్తే ఒప్పుకున్నాను. ఆ కాలేజీ ఇప్పుడు లేదు.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచీ నాకు డైరీ రాసే అలవాటు. ఎండా వానా, ఎవరొచ్చారు, ఎవరు వెళ్ళారు, ఏం వండారు, ఎవరికి ఏ వస్తువు ఇచ్చాను, తిరిగి వచ్చిందా లేదా, ఇవే రాస్తాను. మనసులో మాటలు పెద్దగా రాయను. ఇది రాయడానికి ఆ ఏడాది డైరీ తీసి ముందు పెట్టుకున్నాను. జరిగినదంతా అందులో ఉంది. అంతా నా చేత్తోనే రాసి ఉండి కూడా నాకు తెలియలేదు.

ఆ భవనం మొదట పత్తి గోడౌనుగా కట్టింది. తర్వాత అడ్డగోడలు పెట్టి, పైన మరో రెండు అంతస్తులు లేపి హాస్టల్ చేశారు. కిటికీలు మనిషి తలకంటే ఎత్తులో ఉండేవి. బయటికి చూడాలంటే పిల్లలు మంచాల మీద నిలబడాల్సిందే. చేరిన రోజు ప్రిన్సిపాల్ నాకు తాళాల గుత్తి ఇస్తూ ఒక తాళంచెవి విడిగా తీసి చూపించాడు.

“ఇది డాబా తలుపుదండీ. మీ దగ్గరే ఉండాలి. ఇదివరకటి వార్డెన్ గారు బట్టలారేసుకోడానికని తీసి ఉంచేవారు. ఇక మీదట తియ్యొద్దు.”

“మరి బట్టలు?”

“కింద ఆరేసుకుంటార్లెండి,” అన్నాడు పక్కకి చూస్తూ.

ఎందుకని నేను అడగలేదు. డైరీలో ‘డాబా తాళంచెవి నా దగ్గర’ అని రాసుకున్నాను.

ప్రతి శనివారం పరీక్ష పెట్టేవారు. ఆదివారం ఉదయం మెస్ గోడ మీద ర్యాంకుల కాగితం అంటించేవారు. తెల్లారకముందే పిల్లలు లేచి, చీకట్లో ఆ గోడ దగ్గర నిలబడి, ఎవరో ఒకరు టార్చి తెస్తే వేలితో అంకెలు తడుముకుంటూ వెతుక్కునేవాళ్ళు. పదింటికి తల్లిదండ్రులు వచ్చేవాళ్ళు. సోమవారం ఆ ర్యాంకుల ప్రకారం సెక్షన్లు మారేవి. నిన్న పక్కన కూర్చున్న పిల్ల ఇవాళ వేరే గదిలో ఉండేది. అందువల్ల వాళ్ళకు స్నేహాలు గదుల్లోనే తప్ప క్లాసుల్లో ఉండేవి కావు.

ఆదివారాలు నేను మెస్‌లో తిరుగుతూ ఎవరికేం కావాలో చూసేదాన్ని. డిసెంబరులో ఒక ఆదివారం పొదిలి నుంచి ఒక రైతు, తన చిన్న కూతురితో పెద్ద కూతుర్ని చూడటానికి వచ్చాడు. చిన్న పిల్లకు పదిహేనేళ్ళుంటాయేమో. కంచం ముందు కూర్చుని అన్నం కలుపుకోకుండా ఉంటే, ఏమ్మా అని అడిగాను. చెంచా ఉందా అంది. తెచ్చి ఇచ్చాను. మెస్ చెంచాలు అప్పటికే నాలుగు పోయాయి కాబట్టి తిరిగి తీసుకునేదాకా అక్కడే నిలబడ్డాను. డైరీలో రాసుకున్నాను: ‘పొదిలి అమ్మాయి చెల్లెలికి చెంచా ఒకటి. తిరిగి వచ్చింది.’

నోటుపుస్తకం సంగతి జనవరిలో బయటపడింది. సాయంత్రం స్టడీ అవర్లో బెంచీల మధ్య నడుస్తున్నాను. ఒక పిల్ల ముక్కు తుడుచుకుంటోంది.

“ఏమ్మా, ఇంటి మీద బెంగా?”

“కాదు మేడమ్, జలుబు.”

పక్క బెంచీ పిల్లకూ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దాని వెనక పిల్ల ఓణీ చెంగు నోట్లో కుక్కుకుంది.

“వరసంతా జలుబేనా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఫిజిక్సు పుస్తకం కింద నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ లాగాను. రెండు వందల పేజీలది. అట్ట మీద కెమిస్ట్రీ రికార్డు అని చీటీ అంటించి ఉంది.

“కెమిస్ట్రీ రికార్డు చదివి ఏడ్చేవాళ్ళని నా సర్వీసులో చూళ్ళేదు.”

“మా మార్కులు చూస్తే మీకూ ఏడుపొస్తది మేడమ్,” అంది వెనక నుంచి ఒక గొంతు. అందరూ నవ్వారు. పుస్తకం మాత్రం ఎవరిదో చెప్పలేదు.

అది నవల. నవంబరులో మొదలైంది. వారానికో అధ్యాయం చొప్పున రాస్తున్నారు. రాసిన అధ్యాయం గది నుంచి గదికి తిరుగుతుంది. చదివిన ప్రతి పిల్లా చివరి పేజీల్లో తన అభిప్రాయం రాస్తుంది. ‘నిన్న మజ్జిగన్నం కూడా తినలేదే నీ వల్ల.’ ‘అక్క పాత్ర సూపర్. చంపొద్దు ప్లీజ్.’ దాని కింద మరో చేతిరాత: ‘చంపితేనే బాగుంటది. లేకపోతే ఏడుపేం వస్తది?’ దాని కింద, అక్క చనిపోవాలా వద్దా అని రెండు గడులు గీసి టిక్కులు పెట్టారు. చావాలన్న గడి నిండిపోయి, పక్క మార్జిన్లోకి పాకింది.

కథ పెద్దది కాదు. అక్కాచెల్లెళ్ళు. అక్క డాక్టరవ్వాలని పట్నం హాస్టల్లో చదువుతూ ఉంటుంది. అక్క చదువు కోసం చెల్లెలు ఎనిమిదితో బడి మానేసి పత్తి తీతలకూ మిరపకోతలకూ పోతుంది. అక్కకు వారం వారం ర్యాంకు దిగిపోతుంది. ఆదివారం చెల్లెలు వస్తే, బాగా చదువుతున్నానని అబద్ధం చెబుతుంది. చెల్లెలు నమ్మి సంతోషంగా వెళుతుంది. అక్కకు నిద్ర దూరమవుతుంది, ఆకలి పోతుంది, చివరికి మాట కూడా పోతుంది. అంతే.

నేను గదిలో కూర్చుని రెండుసార్లు చదివాను. తెలుగు టీచర్ని కాబట్టి వాక్యాలు చూశాను. రెండు రకాల వాక్యాలు కనబడ్డాయి. ఒకటి వారపత్రికల సరుకు: ‘ఆమె గుండె వేయి ముక్కలైంది’, ‘కన్నీళ్ళు కాలువలు కట్టాయి’. రెండోది అలా కాదు. ‘చెల్లి నవ్వింది. నవ్వేటప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుంది.’ ‘గోడ మీద నా నంబరు దొరికేదాకా ఊపిరి తీసుకోను. దొరికాక కూడా తీసుకోబుద్ధి కాదు.’ ఇలాంటివి చదివినప్పుడు వీపు మీద చల్లగా తగిలినట్టయింది. రాస్తూ రాస్తూ పిల్లకు చెయ్యి తిరుగుతోంది అనుకున్నాను. రెండు రకాలకూ మనుషులు ఇద్దరు ఉండొచ్చునని తోచలేదు.

చిన్నప్పుడు నేనూ అంతే ఏడ్చాను. వారపత్రికల సీరియళ్ళలో నాయికకు క్షయ వస్తే రెండు రోజులు దిగులుగా తిరిగేదాన్ని. మా అమ్మ సాధించేది. “పక్కింటావిడ వారం నుంచీ జ్వరంతో పడుంటే తొంగి చూశావా? పుస్తకంలో దానికి జ్వరమొస్తే మాత్రం అన్నం మానేస్తావు.” నాకు కోపం వచ్చేది. పుస్తకంలో మనిషి బాధ నాకు లోపలి నుంచి కనిపిస్తుంది, పక్కింటావిడ తలుపు వేసుకుని ఉంటుంది, నేనేం చెయ్యను అనేదాన్ని. ఆ వయసు పిల్లలకు కథలో బాధ కావాలి. తమకు పేరు తెలియని బరువేదో ఉంటుంది, దాన్ని ఇంకొకరి మీద పెట్టి చూసుకుంటారు. ముప్పై మూడేళ్ళు ఇదే చెప్పాను క్లాసుల్లో. అందుకని ఆ రోజు నేను భయపడింది ఒక్క మనిషి గురించే. ఇది రాసిన పిల్ల గురించి.

చేతిరాతను బట్టి మర్నాడే పట్టుకున్నాను. పొన్నూరులో బియ్యం వ్యాపారం చేసే ఆయన కూతురు. బొద్దుగా, గలగలా మాట్లాడుతూ, మెస్‌లో రెండోసారి వడ్డించుకునే పిల్ల. పై అంతస్తులో చివరి గది.

“ఇది రాసింది నువ్వేనా?”

“నేనే మేడమ్. మా నాన్నకి మాత్రం చెప్పకండి మేడమ్, తాట తీస్తాడు.”

“చెప్పను. నీకిక్కడ ఏమన్నా బాధగా ఉందా?”

“పప్పులో నీళ్ళెక్కువ పోస్తన్నారు మేడమ్.”

“అది కాదమ్మా. మనసులో.”

ఆ పిల్ల ముఖంలో నవ్వు పోయింది. మెట్ల వైపు ఒకసారి చూసింది.  “నాకేం లేదు మేడమ్,” అంది.

ఆ రోజు డైరీలో ‘ఏదో దాస్తోంది’ అని ఉంది. దాస్తున్న మాట నిజమే.

వాళ్ళమ్మను పిలిపించాను. ఆవిడ స్టీలు డబ్బా నిండా సున్నుండలతో వచ్చి, నేను చెప్పింది విని, చీర చెంగుతో విసురుకుంటూ నవ్వేసింది.

“మా పిల్లకి బాధేంటండీ మేడమ్ గారూ! ఇంట్లో అది నవ్వితే నాలుగిళ్ళకి వినపడుద్ది. దానికి పక్కోళ్ళ ఏడుపు ఏడవటం చిన్నప్పటినుంచీ అలవాటండీ. మా పనిమనిషి కూతురికి చెవులు కుట్టిస్తే ఇదే ఎక్కువ ఏడ్చింది. మీరీ సున్నుండలు తినండి ముందు.”

తల్లులకు పిల్లల సంగతి తెలియదని నేను అనుకున్నాను. సున్నుండ తిన్నాను. ఆవిడ చేతిలో పెట్టిన మాటను మాత్రం అక్కడే వదిలేశాను.

ఆ సాయంత్రమే పొన్నూరు పిల్ల మంచాన్ని కింద నా గదిలోకి మార్పించాను. నా కళ్ళ ముందే ఉంటుంది, రోజూ మాట్లాడొచ్చు అని. మంచం దింపుతుంటే ఆ పిల్ల నా వెనకాలే తిరిగింది. “నేను పైనే ఉంటాను మేడమ్. నా మాట వినండి మేడమ్. పైన తను…” అంది. స్నేహితురాలిని వదల్లేక అలా అంటోందనుకున్నాను. ఆ గదిలో మూడు మంచాలు. ఒక పిల్ల కామెర్లు వచ్చి ఊరెళ్ళింది. ఇప్పుడు రెండోది కిందికి వచ్చింది. గదుల పుస్తకంలో సవరించాను: ‘పై అంతస్తు, చివరి గది: 1’.

ఆ ఒకటి పొదిలి అమ్మాయి.

నోటుపుస్తకం ఏం చెయ్యాలన్నది మిగిలింది. ప్రిన్సిపాల్ చించి పారెయ్యమన్నాడు. నాకు మనసొప్పలేదు. రాసే పిల్ల చేతిలోంచి కలం లాక్కుంటే బాధ లోపలికి పోతుందని వాదించాను. అయితే అలవాటు మానలేక ఎర్ర సిరా పెన్ను తీసుకుని కూర్చున్నాను. అతిశయోక్తులు కొట్టేశాను. కథకు నప్పని చోట్ల మార్జిన్లో రాశాను. ఒక అధ్యాయంలో చెల్లెలు హాస్టల్లో అన్నం చెంచాతో తింటుంది. మిరపకాయలు కోసి కోసి వేళ్ళ చివర్లు పగిలి, కూర తగిలితే మంట అని. అక్క ఎదురుగా కూర్చుని ఆ చెంచానే చూస్తూ ఉంటుంది. దాని పక్కన ఎర్ర సిరాతో ఇలా రాశాను: ‘పల్లెటూరి పిల్ల చెంచాతో తినడం సహజంగా లేదు. మార్చాలి.’

చివరి అధ్యాయం టిక్కుల ప్రకారం అప్పటికే రాసి ఉంది. అక్క ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా నల్లపాడు స్టేషన్‌కు వెళుతుంది. ప్లాట్‌ఫారం చివరిదాకా నడుస్తుంది. ఆ కాగితం చింపి నా దగ్గర పెట్టుకున్నాను. పుస్తకం తిరిగి ఇస్తూ పొన్నూరు పిల్లకు చెప్పాను. “కథలో కష్టం ఉండొచ్చు. కానీ చదివేవాళ్ళు నీ ఈడు పిల్లలు. వాళ్ళను చీకట్లో వదిలెయ్యకూడదు. ముగింపు వెలుగుగా ఉండాలి. రాసి నాకు చూపించు.”

రెండు రోజుల్లో రాసుకొచ్చింది. అక్కకు మొదటి ర్యాంకు వస్తుంది. చెల్లెలు మళ్ళీ బడిలో చేరుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. బాగుందని సంతకం పెట్టాను. పిల్లలకు నచ్చలేదు. “ఛీ, ఏందే ఇది, స్కూలు డే ఫంక్షన్ లాగా!” “మేడమ్ రాయించిన ఎండింగంట.” “ఏడుపే రాలేదు. చదవటం దండగ.” మర్నాటి నుంచి నోటుపుస్తకం ఎవరూ అడగలేదు.

ఒక్కరు అడిగారు. గురువారం నేను సబ్బులు పంచుతున్నాను. పొదిలి అమ్మాయి వరసలో అందరి వెనకాల నిలబడి, అందరూ వెళ్ళాక ముందుకొచ్చింది. సన్నగా, నూనె పెట్టి బిగించిన జడతో, చూపు ఎప్పుడూ నేల మీదే ఉండే పిల్ల. అంతవరకూ నాతో పది మాటలైనా మాట్లాడి ఉండదు.

“మేడమ్, ఆ కథ చివర మీరు మార్పించారంట గదా.”

“అవునమ్మా. నువ్వూ చదివావా?”

“చదివా. చెల్లెలు మళ్ళీ బళ్ళోకి పోయిందని రాసింది.”

“బాగుంది గదా?”

“ఎవరు పంపిచ్చారు మేడమ్?”

“ఎవర్ని?”

“చెల్లెల్ని. ఎట్టా పోయిందో రాయలేదు.”

నాకు నవ్వొచ్చింది. “కథమ్మా అది. మనం పంపించామని రాస్తే పంపించినట్టే.”

“రాస్తేనేనా,” అంది.

సబ్బు అరచేతిలో పెట్టుకుని కాసేపు దాన్నే చూసింది. తర్వాత మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ రోజు డైరీలో నేను రాసుకున్న వాక్యం ఇప్పుడు చదవాలంటే కళ్ళు నిలవవు: ‘పొదిలి అమ్మాయి కథలో కార్యకారణాల గురించి మంచి ప్రశ్న వేసింది. ప్రోత్సహించాలి.’

ఆ ఆదివారం పొద్దున్నే గాలి ఘాటుగా ఉంది. రోడ్డు వెంట కోల్డ్ స్టోరేజీలకు టిక్కీలనే మిర్చి బస్తాలతో లారీలు వరస కట్టాయి. గేటు లోపల ఉన్నవాళ్ళం కూడా దగ్గుతూనే ఉన్నాం. పది గంటలకు తల్లిదండ్రులు వచ్చారు. పొదిలి రైతూ, చిన్న కూతురూ వచ్చి మెస్‌లో ఒక మూల కూర్చున్నారు. పదిన్నరకు ఆయన లేచి నా దగ్గరికి వచ్చాడు. పెద్ద గొంతు.

“మేడమ్ గారూ, మా అమ్మి ఇంకా రాలేదండీ. చదువుకుంటాందా?”

ఆయాను పైకి పంపాను. గదిలో లేదంది. స్నానాల గదుల్లో లేదు, స్టడీ హాల్లో లేదు. ప్రిన్సిపాల్ నా చెవి దగ్గరికి వచ్చి “డాబా…” అన్నాడు. తాళంచెవి నా నడుముకే ఉంది. అయినా ఆయన పరుగున వెళ్ళి తలుపు తోసి చూసి వచ్చాడు. ఇదివరకు ఏం జరిగిందో అప్పుడు ఆయన ముఖం చూస్తే తెలిసింది. గేటు కాపలా ముసలాయన తల గోక్కున్నాడు. “తొమ్మిదిన్నరప్పుడు ఒక పాప పోయిందమ్మా. ముందు ఎవరో పెద్దాయన పోతన్నాడు, ఆయన కూతురేమో అనుకున్నా.”

పొన్నూరు పిల్ల వాళ్ళమ్మ పక్కన కూర్చుని తింటోంది. నేను దగ్గరికి వెళ్ళి, మీ గది అమ్మాయి ఎక్కడికైనా వెళతానందా అని అడిగాను. ఆ పిల్ల చేతిలో ముద్ద కంచంలో పడింది. పెదవులు తెల్లబడ్డాయి.

“మేడమ్… అది నా కథ కాదు మేడమ్.”

“ఏ కథ?”

“నోటుబుక్కులోది. అక్కా చెల్లీ, అదంతా తనదే. రోజూ చెప్పేది. నేను రాసుకునేదాన్ని. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది మేడమ్.”

“మరి ఆ చివరి అధ్యాయం?”

“అదొక్కటే నేను రాసింది. అందరూ ఏడుపు కావాలన్నారని. తనకి చూపిస్తే చదివింది. ‘నాకు తోచలేదే’ అంది మేడమ్. నేను నవ్వా. నేను నవ్వా మేడమ్.”

వాళ్ళమ్మ కూతుర్ని ఒడిలోకి లాక్కుంది. నేను వెనక్కి తిరిగాను. పొదిలి పిల్ల చెల్లెలు నాకు రెండడుగుల దూరంలో నిలబడి ఇదంతా వింటోంది. కుడిచేతి రెండు వేళ్ళకు గుడ్డ పీలికలు చుట్టి ఉన్నాయి. నేను చూడటం గమనించి చేతులు వెనక్కి పెట్టుకుంది.

నలభై మంది పిల్లలు ఆ చేతుల కోసం రెండు నెలలు ఏడ్చారు. ఆ చేతులున్న పిల్ల ప్రతి ఆదివారం వాళ్ళ మధ్యనే కూర్చుని అన్నం తిని వెళ్ళింది. ఆ పిల్లకు చెంచా ఇచ్చింది నేను. సహజంగా లేదని రాసిందీ నేనే. ఆ ఎర్ర అక్షరాలను వాళ్ళక్క చదివి ఉంటుంది.

“పోలీసులూ గీలీసులూ ఇప్పుడే వద్దండీ, పేరెంట్స్ అందరూ ఉన్నారు,” అంటున్నాడు ప్రిన్సిపాల్. నేను ఆగలేదు. గేటు బయట ఆటో ఆపి, ఆ తండ్రినీ చెల్లెల్నీ ఎక్కించి, నేనూ ఎక్కి, నల్లపాడు స్టేషన్‌కు పొమ్మన్నాను.

లారీల వల్ల ఆటో కదలడం లేదు. ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. దూరంగా రైలు కూత వినిపించింది.

“టేసనుకెందుకమ్మా? ఊరికి పోవాలంటే బస్సుంది గదా,” అన్నాడు తండ్రి.

నేను ఆటో అతన్ని పక్క నుంచి పోనిమ్మన్నాను. ఆయన మళ్ళీ అడిగాడు. “ర్యాంకు తగ్గిందని అలిగిందా ఏంది? అలిగితే యాడికి పోద్ది, పిచ్చిది.” ఆయన నవ్వబోయి నా ముఖం చూసి ఆపేశాడు. చెల్లెలు మాత్రం నా వైపు జరిగింది. నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు గరుగ్గా ఉన్నాయి. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, “తొందరగా పోనీ అన్నా,” అంది ఆటో అతనితో.

స్టేషన్లో ఆదివారం పూట జనం పల్చగా ఉన్నారు. మధ్య పట్టాల మీద గూడ్సు బండి పోతోంది. పెట్టె తర్వాత పెట్టె, ఎంతకీ అయిపోదు. ఆ చప్పుడులో ఎవరిని పిలిచినా వినపడదు. రేకుల కప్పు అయిపోయాక, ప్లాట్‌ఫారం కొసన, ఆఖరి సిమెంటు బల్ల. దాని మీద పొదిలి అమ్మాయి కూర్చుని ఉంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, అంచు వైపు చూస్తోంది.

నేను పరిగెత్తలేకపోయాను. చెల్లెలు పరిగెత్తింది. చెప్పులు జారిపోతే వదిలేసి పరిగెత్తింది. వెళ్ళి అక్క పక్కన కూర్చోలేదు. ఎదురుగా, అక్కకీ పట్టాలకీ మధ్య నిలబడింది. నేను చేరేసరికి రొప్పుతూ తిడుతోంది.

“ఈడ కూసున్నావా? నీకోసం గోంగూర పచ్చడి చేసుకోనొచ్చి ఆడ పెట్టా. నువ్వేమో ఈడ రైలు పెట్టెలు లెక్కపెట్టుకుంటన్నావు.”

“గోడ మీద చూశావా?” అంది అక్క.

“చూశా. నాకు అంకెలు రావా ఏంది? ఆఖర్నించి మూడు.”

“ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పా నీకు.”

“తెలుసులే.”

“నా కోసం గదా నువ్వు బడి మానింది.”

చెల్లెలు గుడ్డ పీలికలున్న చేత్తో ముక్కు తుడుచుకుంది. “నీ కోసమా? నీకంత సీనుందా? ఎనిమిదిలో లెక్కలు తప్పితే అయ్యవారు నాయన్ని పిలిపిచ్చి, ఈ పిల్లకి చదువు రాదు పొమ్మన్నాడు. సిగ్గుచేటని నాయన ఊళ్ళో అట్టా చెప్పుకున్నాడు. నువ్వూ నమ్మావు.”

తండ్రి వెనక నుంచి వచ్చి నిలబడ్డాడు. అమ్మాయి ఆయన ముఖంలోకి చూసింది. “నిజమా నాయనా?”

ఆయన చిన్న కూతుర్ని చూశాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “నిజమే,” అన్నాడు.

అది నిజమో కాదో నాకు తెలియదు. ఆ క్షణంలో ఆ పదిహేనేళ్ళ పిల్ల అల్లి ఉంటే మాత్రం, అంతకంటే అవసరమైన కల్పన నేను నా జన్మలో వినలేదు. నేను రాయించి సంతకం పెట్టిన ముగింపులో లేనిదేమిటో అప్పుడు తెలిసింది. అందులో ఎవరూ ఎవరి ఎదురుగానూ నిలబడలేదు.

అమ్మాయి ఏడవలేదు. భుజాలు మాత్రం కొంచెం దిగాయి. తండ్రి ర్యాంకు మాటెత్తలేదు, కాలేజీ మాటెత్తలేదు. “మన పక్కకి పొయ్యే బండి ఉందంట, అడిగొచ్చా. దొనకొండలో దిగి బస్సెక్కుదాం. సామాను మళ్ళొచ్చి తీసుకపోతా,” అన్నాడు. టిక్కెట్లకు వెళ్ళాడు. చెల్లెలు చెప్పులు వెతుక్కోవడానికి వెనక్కి నడిచింది, నాలుగడుగులకోసారి తిరిగి చూస్తూ.

బల్ల మీద మేమిద్దరమే మిగిలాం. నేను ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను.  ముందు ఆ అమ్మాయే మాట్లాడింది.

“మేడమ్, మీరు మొత్తం చదివారా?”

“చదివానమ్మా.”

“ఒక్కసారేనా?”

“రెండుసార్లు.”

తల ఊపింది.  తిట్టినా బాగుండేది.

వాళ్ళ బండి వంపు తిరిగి కనబడగానే ఇద్దరం లేచాం, నేను ఆ అమ్మాయి మణికట్టు పట్టుకున్నాను. చల్లగా ఉంది. చెల్లెలు వచ్చి రెండో పక్క నిలబడింది. ఇంజను దగ్గరయ్యేకొద్దీ కాళ్ళ కింద సిమెంటు అదరడం మొదలైంది. ఆ అమ్మాయి చేతిలో ఒక కదలిక వచ్చినట్టు నాకు అనిపించింది. అది బండి అదురో, మరింకేమిటో ఇప్పటికీ చెప్పలేను. గట్టిగా పట్టుకున్నాను. ఇంజను మా ముందు నుంచి వెళ్ళిపోయింది. పెట్టెలు మెల్లగా వచ్చి ఆగాయి. దిగేవాళ్ళు దిగారు. తండ్రి ముందు ఎక్కి, తలుపు దగ్గర నిలబడి చెయ్యి చాపాడు. గార్డు విజిలు వేశాడు.

“మేడమ్,” అంది చెల్లెలు, నా వేళ్ళను ఒక్కొక్కటిగా తియ్యబోతూ, “వదిలితే ఎక్కుద్ది.”